కలిపిన రెండంగుళాలు

పాలు పొంగకుండా ఒక కన్ను స్టవ్ మీదా, ఇంకో కన్ను ఫోను మీదా వేసి ఆమె తన కోసం ఒక డ్రెస్సు ఎంచుకుంటోంది. షికారుకి వేసుకెళ్ళే డ్రెస్సు కాదది. ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకే పొద్దున, ఒకదాని వెనక ఒకటి పూర్తి చెయ్యాల్సిన పందెంలో వేసుకునేది. ట్రైసూట్ అంటారు. నీళ్ళల్లోంచి లేచి, ఒళ్ళు తుడుచుకునే తీరికైనా లేకుండా సైకిలెక్కాలి, అది దిగి పరుగెత్తాలి. మధ్యలో బట్టలు మార్చుకోవడం కుదరదు. కాబట్టి ఆ ఒక్క బట్టే నీళ్ళల్లో అడ్డం పడకూడదు, సీటు మీద ఒరుసుకోకూడదు, పరుగులో తొడల మధ్య మంట పెట్టకూడదు. ఇంట్లో ముగ్గురికి మూడు రకాలుగా సర్దుకుపోయే మనిషికి, తనకి సర్దుకుపోయే వస్తువొకటి వెతుక్కోవడం కొత్తగానే ఉంది.

"మూడూ ఒకే రోజు చెయ్యడానికి ఎవరైనా వెనకాల తరుముతున్నారా?" అని మొన్న భర్త నవ్వాడు. చెడ్డవాడేం కాదు. ఇరవై రెండేళ్ళుగా తన తువ్వాలు ఎక్కడుంటుందో తెలియని మంచివాడు.

తీరా చూస్తే అది అంత తొందరగా తేలే పనిలా లేదు. పొట్టి చేతులున్నది వేగమట, చేతుల్లేనిది భుజాలకి హాయట. కింద కుట్టిన మెత్త మందంగా ఉంటే సైకిలు మీద సుఖమే కానీ, తడిసి పరుగెత్తేటప్పుడు పసిపిల్ల డైపరులా వేలాడుతుందట. పల్చటిదే నయమనుకుంది. వెనక జిప్పుదైతే నీళ్ళల్లో ఇంకాస్త చురుకట, కానీ ఆ జిప్పు పైకి లాగడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. పొద్దున్నే నాలుగున్నరకి, ఇల్లంతా గుర్రుపెడుతుంటే, ఆ చెయ్యి ఎవరిది? ఇంకేం ఆలోచించకుండా ముందువైపు జిప్పుదే ఖాయం చేసింది.

అసలు ఆమె నీళ్ళల్లో దిగిందే మిగిలిపోయినదాన్ని పారెయ్యలేక. కూతురికి ఈత నేర్పిస్తూ రెండేళ్ళు స్విమ్మింగ్ పూల్ గట్టు మీద బల్ల మీద కూర్చుని సంచీకీ తువ్వాలుకీ కాపలా కాసింది. ఒకరోజు ఆ పిల్ల "బోర్ కొడుతోందమ్మా" అని మానేసింది. కట్టిన ఫీజులో ఇంకా నాలుగు నెలలున్నాయి. గిన్నె అడుగున మిగిలింది తినడం అలవాటైన మనిషి నెలల్ని మాత్రం ఎందుకు వదులుతుంది? నలభై రెండో ఏట, ఛాతీలోతు నీళ్ళల్లో గట్టు పట్టుకుని కాళ్ళాడించింది. ఆ నాలుగు నెలలూ తనకి వదిలేసిన కూతురికి ఇప్పటికీ మనసులోనే దణ్ణం పెట్టుకుంటుంది.

మందుల షాపులో కౌంటరు వెనక ఎనిమిది గంటలు నిలబడే ఉద్యోగం ఆమెది. గోడకి తగిలించిన లైసెన్సు మీద పేరూ ఆమెదే. అయినా వచ్చినవాళ్ళు ఆమె భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "సార్ లేరామ్మా?" అంటారు. లోపల ఉన్నది యజమాని బావమరిది. ఆయనకి జ్వరం బిళ్ళకీ గ్యాసు బిళ్ళకీ తేడా తెలియదు. నీళ్ళల్లో మాత్రం సార్ ఎవరూ ఉండరు. తల ముంచితే ఏ పిలుపూ వినపడదు. రోజూ ఆ ముప్పావుగంటే ఆమెని మిగతా రోజంతా మనిషిలా నిలబెడుతోంది.

సైజు కోసం కంపెనీవాళ్ళు ఛాతీ, నడుము, తుంటి కొలతలు అడిగారు. వాటికి వెతుక్కోవాల్సిన పనేముంది? అత్తగారి కొలతల పుస్తకం ఉందిగా. అట్ట చిరిగిన ఆ లావాటి పుస్తకంలో వీధిలోని ఆడవాళ్ళందరికీ ఒక్కో పేజీ ఉంది. అత్తగారు ముప్ఫై ఏళ్ళు మిషను తొక్కి ముగ్గురు పిల్లల్ని చదివించింది. ఆ ఇంట్లో మాత్రం దాన్నెవరూ పని అనలేదు. "ఖాళీగా ఉన్నప్పుడు ఏదో కుట్టుకుంటుంది" అనేవారు. కోడలి పేజీ తెరిచి, అందులో ఉన్న అంకెలు చూసి, పట్టికలో ఆ అంకెలకి ఎదురుగా ఉన్న పెద్ద సైజు తెప్పించింది.

వేసుకుని చూస్తే ఎంతో హాయిగా ఉంది. గుమ్మంలో నిలబడి భర్త కూడా, "పర్లేదే, ఒళ్ళు తెలియకుండా డీసెంటుగా ఉంది" అన్నాడు. ఇన్నేళ్ళూ వేసుకున్న బట్టలన్నీ అంత వదులుగానే ఉండేవి మరి, అనుమానం ఎందుకొస్తుంది?

మర్నాడు నీళ్ళల్లో దూకగానే వచ్చింది. మెడ దగ్గర దూరిన నీళ్ళు కడుపు దగ్గర చేరి సంచీ కట్టాయి. బార వేసినప్పుడల్లా నడుముకి నిండు బిందె కట్టుకుని ఈదుతున్నట్టే ఉంది. ఏడువందల యాభై మీటర్లు ఈది గట్టు పట్టుకునేసరికి ఈత నేర్పే కోచ్ పిల్ల గడియారం చూసి పెదవి విరిచింది.

"ఇరవై ఏడు నిమిషాలక్కా."

పందెంలో ఇరవై ఐదు దాటితే నీళ్ళల్లోంచి బయటికి పిలిచేస్తారు. సైకిలు ముట్టుకోనివ్వరు. పాత ఈత డ్రెస్సులో ఇరవై నాలుగు నిమిషాల్లో ఈదిన మనిషే, కానీ దాంతో ఇరవై కిలోమీటర్లు సైకిలు తొక్కితే వారం దాకా ఎక్కడా కూర్చోలేకపోయింది. పందేనికి ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. తడిసిన డ్రెస్సు వెనక్కి తీసుకోరు. కొత్తది పంపడానికి పది రోజులంటున్నారు. ఆరునెలల కష్టం ఒక వదులు బట్టలో మునిగిపోతోంది.

"ఎవరి కొలతలిచ్చారక్కా?" అంది కోచ్.

"నావే."

"మీవి కాదక్కా ఇవి" అంది ఆ పిల్ల, నడుము దగ్గర గుడ్డని గుప్పెడు పట్టుకుని చూపిస్తూ.

ఇంటికొచ్చి డ్రెస్సు తీగ మీద ఆరేస్తూ అడిగేసింది. "అత్తయ్యా, మీ పుస్తకంలో ఉన్నవి నా కొలతలేనా?"

కూరగాయలు తరుగుతున్న అత్తగారు కత్తి పక్కన పెట్టింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నీవే. రెండంగుళాలు కలిపి."

"కలపడమేంటి?"

"నువ్వు కాపురానికొచ్చిన కొత్తల్లో మొదటిసారి టేపు పెట్టి కొలుస్తున్నా. మీ మామగారు వరండాలోంచి, 'కోడలికి ఒంటికంటకుండా కుట్టు' అన్నారు. ఆయన మాటకి ఎదురాడితే ఆ పూట కంచాలెగిరేవి కదా. రెండంగుళాలు కలిపే రాసుకున్నా. ఆయన పోయారు, మళ్ళీ టేపు పెట్టిందీ లేదు, రాత అలాగే ఉండిపోయింది. తర్వాత్తర్వాత నేనూ మర్చిపోయానమ్మా. నువ్వు అంతే ఉంటావనుకున్నా."

ఆమె కూడా అంతే ఉంటాననుకుంది. ఇరవై రెండేళ్ళు. ఫోటో తీస్తుంటే వెనక వరసలోకి జరుగుతూ, షాపులో ఏదైనా నచ్చితే "నాకెక్కడ పడుతుందిలే" అని మడిచి పెట్టేస్తూ, తోటికోడలి పక్కన నిలబడాల్సొస్తే చేతులు కట్టుకుని ఒదిగిపోతూ. అదంతా ఎవరి ఒంటి కోసం? వరండాలోంచి ఒక మనిషి అన్న ఒక్క మాట కోసమా? కోపం వచ్చింది. మామూలుగా కాదు, చెవులు వేడెక్కేంత వచ్చింది. పోయినాయన మీద కోపం ఉన్నవాళ్ళ మీద చూపించడం అన్యాయమని తెలిసినా నోరు ఊరుకోలేదు.

"ఒక్కసారి చెప్పుండొచ్చు కదా అత్తయ్యా."

"చెప్పుండాల్సింది" అంది అత్తగారు. "తప్పు నాదే."

ఆ ఇంట్లో ఎవరైనా తప్పు తనదేనని చెప్పగా ఆమె వినడం అదే మొదటిసారి. భర్త నోట వినలేదు, మామగారి నోట వినే ప్రసక్తే లేదు. అన్న మాటని అత్తగారు సాగదీయలేదు కూడా. లేచి, రెండేళ్ళుగా మూలన పడున్న మిషను మీద గుడ్డ తీసి, సొరుగులోంచి టేపు తెచ్చింది.

"ఇలా వచ్చి నిలబడు. చేతులెత్తు."

టేపు చల్లగా తగిలింది. ఛాతీ, నడుము, తుంటి. అత్తగారు పాత అంకెల్ని ఒక్కొక్కటే కొట్టేసి పక్కన కొత్తవి రాసింది. తన కొలతలు ఒకరు అంత శ్రద్ధగా, ఎవరికీ భయపడకుండా తియ్యడం చూస్తూ ఆమె ఎత్తిన చేతులు దించడమే మర్చిపోయింది.

సాగే గుడ్డకి మామూలు సూది పనికిరాదట. మొన గుండ్రంగా ఉండే సూది డబ్బా అడుగునుంచి వెతికి తీసింది అత్తగారు. పక్కలు విప్పి, గుడ్డ సాగినా తెగకుండా వంకర కుట్టు వేస్తూ, గుడ్డని లాగీ లాగకుండా మిషను కింద నడిపించింది. మిగిలిన అంచు దగ్గరికొచ్చేసరికి కత్తెర అందుకుంది.

"లోపల కొంచెం వదలరా అత్తయ్యా?" అలవాటు కొద్దీ అడిగింది కోడలు. ఎప్పుడైనా లావైతే విప్పుకోవడానికని ఆవిడ కుట్టే ప్రతి బట్టకీ లోపల ఇంత గుడ్డ వదిలేది.

"వదిలితే ఒరుస్తుంది" అని అత్తగారు ఆ అంచు కత్తిరించి పారేసింది.

డ్రెస్సు ఈసారి ఊపిరి బిగబట్టి ఎక్కించుకోవాల్సొచ్చింది. ఎక్కాక చెయ్యెత్తినా వంగినా ఎక్కడా పట్టెయ్యలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకో మరి, భర్త గుమ్మంలోకొచ్చి, "అమ్మా, మరీ ఒంటికి అంటుకుపోయింది కదా" అని నసిగాడు.

"నీళ్ళు మోసుకుంటూ ఈదేది నువ్వా, అదా?" అంది అత్తగారు తలెత్తకుండానే. "వెళ్ళి నీ తువ్వాలు వెతుక్కో ఫో."

పందెం రోజు గట్టు మీద సంచీకీ తువ్వాలుకీ కాపలా కూర్చున్నది అత్తగారు. మోకాళ్ళ నొప్పులని వద్దంటే వినకుండా వచ్చింది. చెరువు నీళ్ళు చల్లగా ఉన్నాయి. పక్కన ఈదేవాళ్ళ మోచేతులు తగిలాయి, ఒకసారి కళ్ళద్దాలు జారాయి. కానీ ఒంటి మీద అదనంగా ఒక చుక్క నీరు కూడా లేదు. ఇరవై మూడు నిమిషాల నలభై సెకన్లకి బయటికొచ్చి సైకిలు వైపు పరుగెత్తింది. పందెం చివరికి ఆమె వెనక ముగ్గురే మిగిలారు. ముగ్గురున్నారు కదా, చాలు! గీత దాటి గడ్డిలో కూలబడ్డప్పుడు, ఇంత సంతోషం ఎవరికి చెప్పుకోవాలో తెలియక, తువ్వాలు కప్పడానికి వచ్చిన అత్తగారి చెయ్యి పట్టుకుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక అత్తగారు తడి డ్రెస్సు కుట్లు ఒక్కొక్కటే వేలితో తడిమి చూసింది. ఎక్కడా తెగలేదు.

"మోకాళ్ళకి నీళ్ళల్లో నడిస్తే మంచిదని నువ్వే అన్నావు కదూ?" అంది ఉన్నట్టుండి.

"అన్నాను. ఎప్పుడో ఏడాది కింద."

"గట్టు మీద కూర్చుంటే ఈరోజు ఆ నీళ్ళు చూడబుద్ధైంది." టేపు కోడలి చేతిలో పెట్టింది. కొలతల పుస్తకం ఆఖరి పేజీ తెరిచింది, తెల్లగా ఉంది. "ఊళ్ళో అందరికీ పేజీ ఉంది, నాకే లేదు. మిగిలిన గుడ్డతో ఉజ్జాయింపుగా కుట్టుకుంటూ గడిపేశాను. నాది తియ్యి."

డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి గది మధ్య నిలబడి, సిగ్గుపడుతూ, రెండు చేతులూ పైకెత్తింది. కోడలు టేపు చుట్టింది. వదులు కాకుండా, నొక్కకుండా చుట్టి, అంకె చూసి, పుస్తకంలో రాసింది.

"ఎంత రాశావ్?" అంది అత్తగారు.

"ఎంతుంటే అంతే రాశాను, అత్తయ్యా."