ఏడో ఫోను

ఆరో ఫోను తుడిచాక అతను చేతిలో గుడ్డ మడత మార్చాడు. మార్చాల్సిన పనేమీ లేదు, గుడ్డ శుభ్రంగానే ఉంది. ఏడో ఫోను దగ్గరికి వచ్చేసరికి చేతులకి ఇలా ఏదో ఒక అదనపు పని కావాల్సి వస్తుంది. రిసీవరు ఎత్తి, చెవి దగ్గర పెట్టుకునే వైపూ నోటి వైపూ రెండేసి చుట్లు తుడిచాడు. లోపల చీమంత గొంతు మొదలవుతుండగానే టక్కున పెట్టేశాడు. తర్వాత ఎనిమిది, తొమ్మిది. వాటిని మాత్రం తీరిగ్గా తుడిచాడు.

మ్యూజియం రెండో అంతస్తులో అది పొడవాటి తెల్లగది. ఒక గోడకి వరసగా తొమ్మిది పాతకాలపు నల్ల ఫోన్లు. వాటిపైన పెద్దక్షరాలతో ఒకే ప్రశ్న: ‘ఈ ఇంట్లో మీ చోటు ఎక్కడ?’ ఏ ఫోను ఎత్తినా ఒక ఆడమనిషి గొంతు నాలుగైదు నిమిషాలు మాట్లాడుతుంది. బట్టలు కుట్టేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, మంచాన పడ్డవాళ్లని చూసుకునేవాళ్లు. పేర్లుండవు, నంబర్లే. పొట్టి జుట్టు కళాకారిణి ఒకామె ఊరంతా తిరిగి ఈ మాటలు రికార్డు చేసుకొచ్చింది. మూడు నెలలుగా జనం వస్తున్నారు, వింటున్నారు. ఇవాళ చివరి రోజు. సాయంత్రం ఐదింటికి వైర్లు పీకేస్తారు.

ఏడో నంబరు అతని అక్క.

నంబరు అక్కే చెప్పింది. ఆ సంగతి మ్యూజియంలో ఎవరికీ తెలియదు. అతనూ ఇంతవరకు వినలేదు. డ్యూటీలో ఉన్నవాళ్లు ఫోన్లు ఎత్తకూడదని సూపర్‌వైజరు మొదటి రోజే చెప్పాడు. అది మంచి సాకుగా పనికొచ్చింది. పొద్దున గది తెరిచేటప్పుడు, మధ్యాహ్నం జనం పలచబడినప్పుడు, ఎవరూ చూడని ఐదు నిమిషాలు రోజూ దొరుకుతూనే ఉన్నాయి. ఆ ఐదు నిమిషాల్లో అతను కిటికీ గొళ్లేలు సరిచూసేవాడు, నేలమీద లేని మరక కోసం వెతికేవాడు. గది మూల అతనికొక కుర్చీ వేశారు. దాంట్లో కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. అందుకే కింద టికెట్లిచ్చే ఆమె అతనికి కుర్చీ అన్నయ్య అని పేరు పెట్టింది.

అమ్మ పోయేనాటికి అతనికి పన్నెండేళ్లు, అక్కకి పంతొమ్మిది. నాన్న అంతకుముందే లేడు. ఆ నెలలోనే అక్క చదువు మానేసి కుట్టు యూనిట్‌లో చేరింది. కాలర్లు కుట్టే మిషను మీద కూర్చుంది, ఇరవై ఏడేళ్లుగా అక్కడే ఉంది. పెళ్లి మాటలు రెండు మూడు వచ్చి, ఆమె అటో ఇటో తేల్చకముందే వెనక్కి పోయాయి. అతనికి ఈ ఉద్యోగం వచ్చిన రోజు, నీకొక గది ఉండే ఇల్లు తీసుకుంటానక్కా అన్నాడు. తీసుకున్న ఇంట్లో గదులు రెండే. లోపలి గదిలో అతనూ భార్యా పిల్లలిద్దరూ. ముందుగదిలో అక్క, ఆమె మిషను, మడత మంచం. అందరూ లేచేలోపు ఆ మంచం మడిచి మిషను వెనక్కి నెట్టేస్తుంది. ఎవరైనా ఇంటికొస్తే ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి నిలబడుతుంది. పదకొండేళ్లుగా అంతే. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి రాయిలా తగులుతూ ఉండేది.

అలాంటి మనిషి ఒక యంత్రంతో నాలుగు నిమిషాలు మాట్లాడిందంటే ఏం చెప్పి ఉంటుంది? ఏడో ఫోను ఎత్తిన ప్రతివాళ్ల మొహమూ అతను దొంగచూపులు చూస్తూ చదివేవాడు. కొందరు నవ్వారు. ఒక పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కిందటి వారం టికెట్లామె కూడా టీ తాగుతూ ఆ ఫోను సంగతే ఎత్తింది. “ఏడో ఆమెది విన్నారా అన్నయ్యా? నాకు మా పిన్ని గుర్తొచ్చింది. ఆ తమ్ముడు మనలోనే ఎవరో గానీ...” అంటుండగానే అతను గ్లాసు కడిగే నెపంతో లేచిపోయాడు. మిగతా సగం అప్పటినుంచీ అతని చెవిలో తనంతట తానే రకరకాలుగా పూర్తవుతోంది.

ఇంట్లో అక్క మాత్రం ఒక్కసారే అడిగింది, ప్రదర్శన మొదలైన రెండో వారం. అతను బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు, పక్కన చిన్నది దగ్గుతోంది, భార్య మందు సీసా వెతుకుతోంది. విన్నావా అంది అక్క. విన్నానన్నాడు. ఏమైనా చెప్పాలనుందా అని మళ్లీ అడిగింది. అతను లేసుల మీంచి తలెత్తలేదు.

“చెప్పడానికేముందక్కా, బాగానే ఉంది. నీ ఇష్టం.”

ఆమె దారం పళ్లమధ్య పట్టుకుంది. తర్వాత దారం తెంపి లోపలికి వెళ్లింది. ఆ రోజునుంచీ ఆమె కొంచెం మారింది. పిల్లల యూనిఫారాలు వచ్చే ఏడాదికీ సరిపోయేలా లోపల రెండంగుళాల మడతలు పెట్టి కుట్టింది. అతని భార్యని మిషను ముందు కూర్చోబెట్టి దారం ఎక్కించడం, సూది మార్చడం నేర్పింది. కూనిరాగాలు తీస్తోంది. అతను ఇవన్నీ చూశాడు, చూసి ఊరుకున్నాడు.

పన్నెండు దాటాక మెట్లమీద తెలిసిన అడుగుల చప్పుడు వినిపించింది. అక్క. భుజానికి పెద్ద గుడ్డసంచి, ఒంటిమీద ఇస్త్రీ చేసిన బట్టలు, మెడలో ఎప్పటిలాగే కొలత టేపు. అది పాతది. మొదటి రెండంగుళాలు ఎప్పుడో ఊడిపోయాయి. ఏది కొలిచినా రెండు తీసేసి చెప్పాలి. అది తెలియక భార్య ఒకసారి తలుపు తెరలు కత్తిరించింది. అవి ఇప్పటికీ పొట్టిగా గాలిలోనే వేలాడుతుంటాయి.

అతనికి గాభరా పుట్టింది. ఎందుకొచ్చావని అడిగాడు, గొంతు తగ్గించి. చివరి రోజు కదా, సెలవు పెట్టానంది. కాలేజీ పిల్లల వెనక వరసలో బుద్ధిగా నిలబడింది. తన వంతు రాగానే ఏడో ఫోను ఎత్తి కళ్లు మూసుకుంది. నాలుగు నిమిషాలూ అతను గదికి అటు చివర తొమ్మిదో ఫోను తీగని సర్దుతూనే ఉన్నాడు.

ఆమె వచ్చి పక్కన నిలబడింది.

“ఏంట్రా, నా గొంతు ఇంత బొంగురా? ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదు.”

“వినీ వినీ మాకు అలవాటైపోయింది.”

ఆమె నవ్వింది. అతని కాలర్ ఒకవైపు లేచి ఉంటే వేలితో అణిచింది. ఇది మా యూనిట్‌ది కాదు, కుట్టు చూస్తేనే తెలుస్తోందని వంక పెట్టింది. తర్వాత అందరూ చూస్తుండగానే మెడలోంచి టేపు తీసి అతని నడుం చుట్టూ వేసింది. ఇదేంటక్కా, డ్యూటీలో ఉన్నాను అని అతను గొణిగాడు.

“నలభై. రెండు తీసెయ్, ముప్పై ఎనిమిది. కుర్చీలో కూర్చోవట్లేదన్నారు కింద, ఇంత ఒళ్లెలా వచ్చింది?”

వెళ్లేటప్పుడు, దారిలో చిన్నదాని మందు తీసుకెళ్లమని అతను చెప్పాడు. మీ ఆవిడకి అన్నీ చెప్పానులే అంది. సంచి భుజం మార్చుకుని, గోడమీది ప్రశ్న వైపు ఒకసారి తలెత్తి చూసి, “వెళ్లొస్తాన్రా” అంది. మెట్లమీద ఆమె అడుగులు వచ్చినప్పటికంటే త్వరగా దిగిపోయాయి.

టేపు కుర్చీ వీపుకి వేలాడుతూ కనిపించేసరికి రెండయింది. మర్చిపోయింది కాబోలు, ఇంటికెళ్లాక ఇవ్వాలి అనుకున్నాడు. పది అడుగులు వేసి వెనక్కి వచ్చాడు. అక్క దాన్ని మర్చిపోవడమా? స్నానానికి వెళ్తే తలుపుమీద వేసుకునే మనిషి, జ్వరంలో కూడా దిండు పక్కన పెట్టుకునే మనిషి. అతను కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు. సంచి అంత పెద్దది ఎందుకు? యూనిఫారాలకి ఆ మడతలెందుకు? కిటికీ దగ్గరికి వెళ్లి రోడ్డు చూశాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి.

మధ్యాహ్నమంతా జనం తగ్గలేదు. చివరి రోజని ఎక్కడెక్కడివాళ్లో వచ్చారు. ఏడో ఫోను ఖాళీ అయినప్పుడల్లా ఇంకో చెయ్యి దాన్ని అందుకుంటోంది. అతను రెండుసార్లు దగ్గరికి వెళ్లి, రెండుసార్లూ గుడ్డతో వెనక్కి వచ్చాడు.

ఐదయ్యింది. ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసుకుని ఒకటో ఫోను దగ్గర మొదలుపెట్టాడు. రిసీవరు దించడం, తీగ లాగడం, అట్టపెట్టెలో వేయడం. రెండు. మూడు. చెయ్యి తిరిగిన మనిషి, ఒక్కోదానికి నిమిషం పట్టడం లేదు. నాలుగు, ఐదు. ఆరో ఫోను పెట్టెలో పడ్డాక అతను వెళ్లి నిచ్చెన పట్టుకున్నాడు.

“తమ్ముడూ, దీన్ని కాసేపు ఉంచుతావా. తొమ్మిదో దాంతో మొదలుపెట్టు.”

ఎలక్ట్రీషియన్ అతని మొహం చూసి నిచ్చెన అటు జరిపాడు.

అతను రిసీవరు చెవికి ఆనించుకున్నాడు. ముందు మిషన్ల రొద, ఆ వెనక అక్క గొంతు. నిజంగానే బొంగురు.

“పేరొద్దులెండి. కాలర్లు కుడతాను. ఇంట్లో నా చోటంటే... మిషను వెనక ఉంటుంది, పగలు మడిచి పెట్టేస్తాం. మావాళ్లు మంచివాళ్లు, ఎవరూ ఒక్క మాట అనరు. మా తమ్ముడు గది ఇస్తానన్నాడు. పాపం, ఇవ్వలేకపోయాడు. నన్ను చూసినప్పుడల్లా వాడి మొహం చిన్నబోతుంది, అదే నేను చూడలేను. ఊరికి అవతల మా యూనిట్ ఇంకోటి తెరిచారు, రమ్మంటున్నారు. దగ్గర్లో ఒక గది చూశాను. ఎనిమిదడుగులకి పది. కిటికీ ఉంది. తలుపేసుకుంటే అది నా తలుపు. వాడికి మొహంమీద చెప్పలేను, వాడు ఏడిస్తే ఆగిపోతాను. ఈ ఫోన్లు పెట్టేది వాడు పనిచేసే చోటే అంట కదా. వింటాడు. వద్దంటే ఉండిపోతాను. ఏమీ అనకపోతే సరేనన్నట్టే. వెళ్లాక ముందు ఒక కొత్త టేపు కొనుక్కుంటాను, ఒకటి నుంచి మొదలయ్యేది.”

మిషన్ల రొద కాసేపు నడిచి ఆగిపోయింది. ఆ వెంటనే, ఎవరో రిసీవరు పెట్టడం మర్చిపోయారన్నట్టు, మళ్లీ మొదటినుంచి వచ్చింది. పేరొద్దులెండి.

ఆ రెండో వారంలోనే విని ఉంటే అతను వద్దనేవాడు. కాళ్లు పట్టుకుని మరీ వద్దనేవాడు. ఆమె ఉండిపోయేది, మంచం మడిచి మిషను వెనక్కి నెడుతూ ఉండేది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. విన్నానని తను అబద్ధమాడబట్టే ఆమె వెళ్లగలిగింది.

“అయిందా అన్నా?” అన్నాడు ఎలక్ట్రీషియన్.

అతను రిసీవరు గుడ్డతో రెండు చుట్లు తుడిచి చేతికిచ్చాడు. తీగ ఊడింది. గోడమీద తొమ్మిది చిన్న చిల్లులూ వాటి పైన ఆ ప్రశ్నా మిగిలాయి.

గది తాళం వేయడానికి ముందు అతను మూలనున్న కుర్చీలో మొదటిసారి కుదురుగా కూర్చున్నాడు. వీపుకి మెత్తగా ఏదో తగిలింది. తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పసుపు రంగు వెలిసి, అంచులు నూగు లేచి, మూడో అంగుళం దగ్గర మొదలయ్యే టేపు.