రెండో ముక్క

ప్రిన్సిపల్ సిస్టర్ ఫోన్ చేసేసరికి పెద్దక్క మందుల గదిలో బల్ల ముందు నిలబడి ఉంది. ఆసుపత్రిలో అందరికీ ఆమె పెద్దక్కే. చీఫ్ ఫార్మసిస్టు అన్న హోదా తలుపు మీద రేకుకే పరిమితం. ఫోను తను చదువుకున్న మిషన్ స్కూలు నుంచి. "మన స్కూలు చదువు ఉద్యోగంలో ఎలా పనికొచ్చిందో వచ్చి పిల్లలకు చెప్పమ్మా. నీకంటే బాగా ఎవరు చెప్తారు?" అంది సిస్టర్. ఇంకేముంది, పెద్దక్క కాళ్ళు నేల మీద ఆనలేదు. తప్పకుండా వస్తానంది. క్రమశిక్షణ గురించి చెప్తానంది, వేళకు రావడం గురించి చెప్తానంది, నిజాయితీ గురించి అందుకుంది. సరిగ్గా ఆ నిజాయితీ దగ్గరే, ఈమధ్యే ఉద్యోగంలో చేరిన కొత్తపిల్ల సిరప్ సీసాలు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

పిల్లల వార్డుకు వెళ్ళే మందు ఏదైనా ఒకరు పోస్తే ఇంకొకరు సరిచూడాలి. పెద్ద సీసా మీది లేబులు, చిన్న సీసాకు అంటించిన చీటీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఆ రూలు పెట్టిందీ పెద్దక్కే, దానికోసం అందరి మీదా ఎగిరిందీ పెద్దక్కే. ఆ పూట మాత్రం ఫోను చెవికి ఆనించుకునే సీసాల వైపు ఓ చూపు విసిరి, పంపెయ్యమన్నట్టు చెయ్యి ఊపింది.

కొత్తపిల్ల పోసింది అదే మందులో ఘాటు రకం. రెండు రకాలకూ ఒకే రంగు మూతలు. మందు పడ్డ పసివాడు మత్తులోకి జారిపోయి పాలకు కూడా లేవలేదు. నర్సు వెంటనే కనిపెట్టి డాక్టర్ని పిలవబట్టి గండం గడిచింది. సాయంత్రానికి లేచి వార్డు దద్దరిల్లేలా ఏడుస్తుంటే, ఆ ఏడుపు విని వాళ్ళమ్మ నవ్వింది. పెద్దక్క మాత్రం రెండు రకాల సీసాలూ ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. లేబుళ్ళ మీది అంకెలు కళ్ళజోడు లేకుండానే కనిపించేంత పెద్దవి.

కొత్తపిల్లను ఏరికోరి ఉద్యోగంలోకి తీసుకున్నదీ ఆమే. ఇంటర్వ్యూలో స్కూలు పేరు వినగానే, "మా సిస్టర్లు పెంచిన పిల్ల, ఇంకేం అడుగుతాం" అనేసింది. ఇద్దరికీ వయసులో ఓ తరం తేడా ఉన్నా నేర్చుకున్నది ఒకటే. ఆ స్కూల్లో ఇద్దరు కలిసి తప్పు చేస్తే సిస్టర్ ముందు పక్కపక్కన నిలబెట్టేవారు. ఆ తప్పులో ఎవరి ముక్క వాళ్ళే చెప్పుకోవాలి. పక్కవాళ్ళ పేరెత్తకూడదు, 'కానీ' అన్న మాట రాకూడదు. తన ముక్క చెప్పేసి ఆగితే మిగతాది పక్కమనిషి అందుకోవాలి. అందుకోకపోవడమన్నది ఆ స్కూల్లో ఎవరూ ఎరగరు.

మర్నాడు సూపరింటెండెంటు ఇద్దరినీ తన గదికి పిలిచాడు. మంచివాడే, కాకపోతే ఎప్పుడూ విసుగ్గా ఉండే మంచివాడు.

"ఏం జరిగింది?"

కొత్తపిల్ల చేతులు వెనక్కి కట్టుకుంది, అచ్చం స్కూల్లోలాగే. "తప్పు నాది సార్. లేబులు చదవలేదు, మూత రంగు చూసి తీశాను. నావల్లే బాబుకు అలా అయింది." అంతవరకూ చెప్పి ఆగింది.

ఆ ఆగడం ఏమిటో ఆ గదిలో పెద్దక్క ఒక్కదానికే తెలుసు. నోరు తెరిచింది కూడా. ఇన్నేళ్ళ మంచి పేరు, తలుపు మీది రేకు, స్కూలు స్టేజీ, మైకు, అన్నీ కలిసి గొంతుకు అడ్డం పడ్డాయి.

"మరి ఇంకొకరు సరిచూడాలి కదా? చూడలేదా?" అన్నాడు సూపరింటెండెంటు.

కొత్తపిల్ల పెదవి విప్పలేదు. అది తన ముక్క కాదు.

"ఆ పూట కాస్త రద్దీగా ఉంది సార్," అంది పెద్దక్క.

అబద్ధమా అంటే కాదు. ఆ గదిలో రద్దీ లేనిదెప్పుడు గనక! నీళ్ళు నమలడానికి అంతకంటే శుభ్రమైన మాట దొరకదు. పిల్ల ఎవరికీ చూపించకుండానే పంపేసిందని సూపరింటెండెంటు తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. "రేపట్నుంచి రానక్కర్లేదమ్మా," అన్నాడు. కొత్తపిల్ల తలూపి వెళ్ళిపోయింది.

ఇంట్లో భోజనాల దగ్గర భర్త ఊరుకోలేదు. "ఏంటి ఆ ముఖం? స్టేజీ భయమా? ఇంట్లో మమ్మల్ని రోజూ దడిపిస్తున్నావుగా, అదే ధాటిగా అక్కడా మాట్లాడెయ్."

"తలనొప్పి," అంది. ఓ ఆడపిల్ల అన్నం తీసేసి తను కంచం ముందు కూర్చుందన్న ఆలోచన వదల్లేదు. చావుదాకా వెళ్ళొచ్చిన పసివాడి కంటే తన పేరే ముందు గుర్తొచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పొద్దున్న వెళ్ళేసరికి కొత్తపిల్ల అలమర ఖాళీ చేసుకుంటోంది. పెద్దక్క ఊరడిద్దామనే దగ్గరికి వెళ్ళింది, తీరా నోటి వెంట వచ్చింది కోపం.

"నాకు చూపించానని ఒక్క మాట అనొచ్చుగా? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"అది మీ ముక్క కదా మేడమ్," అంది ఆ పిల్ల మెల్లగా. "మీరు అందుకుంటారని ఆగాను. తర్వాత బస్సులో అనిపించింది, మీరు చదివేటప్పటికి ఆ పద్ధతి ఇంకా లేదేమో అని."

సాకు కూడా ఆ పిల్లే వెతికి పెట్టింది. పెద్దక్కకు తల కొట్టేసినట్టయింది.

"ఉండేదమ్మా," అంది. "నువ్వు వెళ్ళకు. ఇక్కడే కూర్చో."

సూపరింటెండెంటు ముందు నిలబడి, ఈసారి ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. పిల్ల సీసాలు తెచ్చి తన ముందు పెట్టిందని, తనే ఫోన్లో గొప్పలు చెప్పుకుంటూ చదవకుండానే పంపమందని, నిన్న తెలిసి తెలిసీ నోరు మూసుకుందని.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మీరు చెప్పకపోతే ఎవరికి తెలిసేదండీ? ఈ రోజుల్లో ఇంత నిజాయితీ ఎక్కడుంది? మీలాంటివాళ్ళే స్కూళ్ళకెళ్ళి పిల్లలకు చెప్పాలి!" అన్నాడు. కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పిల్లను మళ్ళీ పనిలోకి రమ్మన్నాడు, ఇద్దరినీ ఇకముందు జాగ్రత్తగా ఉండమన్నాడు. అడగ్గానే ఒప్పుకున్న పిల్లకు ఊడిన ఉద్యోగం, ఓ రోజు దాచి చెప్పిన పెద్దావిడకు టీ!

"నిన్న ఆ పిల్ల చెప్పిందీ ఇదే కదా సార్," అంది పెద్దక్క.

"ఆ, అదీ నిజమేలెండి," అని ఆయన ఇంకో ఫైలు తెరిచాడు. టీ తాగబుద్ధి కాలేదు. బయటికొచ్చి సిస్టర్‌కు ఫోన్ చేసి, రాలేనని చెప్పింది, ఎందుకో కూడా చెప్పింది.

మర్నాడు పిల్లల వార్డుకు మొదటి మందు. కొత్తపిల్ల రెండు సీసాలూ తెచ్చి పెద్దక్క ముందు పెట్టింది. మామూలుగా అయితే అవి అక్కడ పెట్టి తర్వాతి మందు చూసుకోవడానికి వెళ్ళిపోయేది. ఇవాళ కదల్లేదు.

"పైకి చదవండి మేడమ్," అంది. గొంతులో కోపం లేదు, మర్యాద ఇసుమంతైనా తగ్గలేదు.

పెద్దక్క అక్షరాల కింద వేలు పెట్టి మందు పేరు, మోతాదు, బిడ్డ పేరు గట్టిగా చదివింది. చదివి తలెత్తింది. ఆ పిల్ల సీసాల వైపు చూడటం లేదు. పెద్దక్క నిజంగా చదువుతోందా లేదా అని ఆమె కళ్ళలోకే చూస్తోంది.