తెరుచుకోని పెన్ డ్రైవ్

"అనుమతి లేదు" అని మూడోసారి చూపించింది కంప్యూటర్. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, "చెప్పాను కదా మేడమ్, నిన్నట్నుంచీ ఇదే వరస. ఈ పెన్ డ్రైవ్ తెరుచుకుంటే కదా అందులో ఏముందో తెలిసేది!" అన్నాడు.

విచారణ కోసం హెడ్డాఫీసు నుంచి వచ్చిన మేడమ్ పెన్ను తీసింది. ఆమె ముందున్న కాగితం అప్పటికే రాసి సిద్ధంగా ఉంది. చెక్క కోసే మిషన్లో చెయ్యి పెట్టి రెండు వేళ్లు పోగొట్టుకోవడం కార్మికురాలి సొంత నిర్లక్ష్యం అని అందులో ఉంది. ఇక సంతకం ఒక్కటే తక్కువ. అది పడితే ఆ కార్మికురాలి ఉద్యోగం ఊడుతుంది, తప్పు కూడా జన్మంతా ఆమె నెత్తినే ఉంటుంది.

ఆ కార్మికురాలి చెల్లెలు గోడవార బెంచీ మీద కూర్చుని పళ్లు నూరుతోంది. ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చురక అంటారు. ఊరికే పెట్టలేదు ఆ పేరు. పక్కనే అక్క, కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని నేలచూపులు చూస్తోంది. పన్నెండేళ్ల సర్వీసులో ఒకరి మీద గొంతెత్తి ఎరగదు, ఒక్క చెక్క పాడుచేసి ఎరగదు. అలాంటి మనిషికి నిర్లక్ష్యమా!

మిషన్ తలుపు తెరిస్తే బ్లేడు దానంతటదే ఆగాలి, దానికో స్విచ్చి ఉంది. ఆగితే పని వెనకబడుతోందని, ఆగకుండా ఆ స్విచ్చిని తీగతో కట్టించింది ఈ మేనేజరు పెద్దమనిషే. దగ్గరుండి మరీ కట్టించడం మిషన్ మీది కెమెరాలో పడింది. ప్రమాదం జరిగిన సాయంత్రమే ఆ కెమెరాలోవన్నీ శుభ్రంగా తుడిచేశారు. అంతకు గంట ముందే చురక ఆ వీడియోను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించింది. సాక్ష్యాలేవైనా ఉంటే ముందుగా ఆఫీసులో ఇవ్వాలంటే నిన్న తెచ్చి ఈయన చేతిలోనే పెట్టింది. ఇంకో కాపీ తీసుకుందామంటే ఇంట్లో కంప్యూటర్ ఎక్కడిది? ఇప్పుడు తనను తానే తిట్టుకుంటోంది.

"పాడైపోయిందేమో. సంతకం చేసేయండి మేడమ్, మీకు రైలు టైమవుతోంది," అన్నాడు మేనేజరు.

చురకకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి బల్ల దగ్గరికొచ్చింది. "ఒక్కసారి నన్ను చూడనివ్వండి మేడమ్."

"నువ్వేం చూస్తావమ్మా? ఇది విండోస్ కాదు, లినక్స్. చెక్కలు కోసే పని కాదు," అని మేనేజరు నవ్వాడు.

"ఆ చెక్కలు కోసే మిషన్ దేని మీద నడుస్తోందనుకున్నారు సార్? రోజూ డిజైన్లు పెన్ డ్రైవ్‌లో తెచ్చి అందులో ఎక్కించేది నేనే. ఆరేళ్లుగా దాని ముందు నిలబడి మామీద అరవడమే గానీ, తమరు ఒక్కనాడైనా దాని తెర వంక చూశారా?"

మేడమ్ మేనేజరు వైపు ఒకసారి, గడియారం వైపు ఒకసారి చూసి కుర్చీ పక్కకు జరుపుకుంది. చురక నల్లటి తెర ఒకటి తెరిచి అయిదక్షరాలు కొట్టింది. కంప్యూటర్‌కు తగిలించినవన్నీ వరసగా వచ్చాయి. పెన్ డ్రైవ్ ఉంది. అది ఎవరి ఖాతాలో తెరుచుకుందో చెప్పే చోట ఒక పేరూ ఉంది. అది చదివాక ఆమెకు విషయం అర్థమైపోయింది. మిషన్ దగ్గర ఈ తంటా వారానికోసారి ఉండేదే. పొద్దుటి షిఫ్టువాడు పెన్ డ్రైవ్ తెరిచి, మూయకుండా ఇంటికి పోతాడు. మధ్యాహ్నం వాళ్లు తమ పేరుతో వస్తే, ఆ మొండిఘటం అనుమతి లేదని కూర్చుంటుంది.

"ఇది తెరుచుకోకపోవడం కాదు మేడమ్. నిన్ననే తెరుచుకుంది, ఇప్పటికీ తెరిచే ఉంది. మేనేజర్ గారి ఖాతాలో! ఆయన తెరకు తాళం వేసి వెళ్లారంతే, ఖాతాలోంచి బయటికి రాలేదు. మీరు ఆఫీసు ఖాతాలో వచ్చారు కాబట్టి మిమ్మల్ని రానివ్వట్లేదు. ఇదిగో, పేరు చూడండి."

మేడమ్ కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగింది. మేనేజరు గబుక్కున పెన్ డ్రైవ్ మీదికి చెయ్యి చాచాడు. "ఏదో పొరపాటు... ఇది తీసి మళ్లీ పెడితే సరి..."

"ముట్టుకోకండి!" చురక అరుపుకు పక్కగదిలో మాటలు ఆగిపోయాయి. "మూయకుండా పీకితే లోపలిది పాడవుతుందని తెలీదా? తెలిసే పీకుతున్నారా? అక్క వేళ్లు తెగిన రోజూ పొరపాటే అన్నారు. ఎన్ని పొరపాట్లండీ మీవి? అన్నీ మీకు కలిసొచ్చేవేనా?"

"మీరు ఈ వీడియో చూశారా?" అని మేనేజర్ని అడిగింది మేడమ్. ఆమె గొంతు మారింది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అంటే... పూర్తిగా చూళ్లేదు..."

"మీ ఖాతాలోకి వెళ్లి తెరవండి."

"పాస్‌వర్డ్ గుర్తు రావట్లేదు మేడమ్. ఈ కంగారులో..."

చురక మళ్లీ నోరు తెరవబోయింది. ఈలోగా అక్క బెంచీ మీంచి లేచింది. నెమ్మదిగా బల్ల దగ్గరికొచ్చి, ఎడమచేత్తో కీబోర్డును ఆయన ముందుకు తోసింది. ఆమె గొంతు అంత కరుగ్గా ఉండగలదని చెల్లెలికి కూడా అప్పటిదాకా తెలియదు.

"తీరిగ్గా గుర్తు తెచ్చుకునే కొట్టండి సార్. మీకు పది వేళ్లూ ఉన్నాయిగా."