నాలుగో సొరుగు

ఫ్రీజర్ అంటే పైకి మూత తెరిచే రకమే మంచిదట, కరెంటు పోయినా అందులో చల్లదనం త్వరగా పోదట, షాపతను చెప్పేదాంట్లో అబద్ధమేమీ లేదు, మా ఆయన అప్పుడే తలూపేస్తున్నాడు, నేను మాత్రం ఊపను, రోజూ పన్నెండు మీటర్ల బస్సుని ఇరుకు సందుల్లో తిప్పేదాన్ని, ఏది ఎక్కడ పడుతుందో నాకు చూడగానే తెలుస్తుంది, అయినా వంటింటి మూల పొద్దున్నే టేపు పెట్టి మరీ కొలిచాను, వెనక గాలాడ్డానికి నాలుగు వేళ్ల సందు వదలాలి, తలుపు కిటికీ వైపు తెరుచుకోవాలి, నిలువు ఫ్రీజరే, సొరుగులున్నదే, ఇంకో మాట లేదు, ఎందుకంటే రేపు అందులో చెయ్యి పెట్టేది మా ఆయనా కాదు నేనూ కాదు, ఇదిగో నా మోచెయ్యి పట్టుకుని నిలబడ్డ మావయ్య, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ముప్పై ఏళ్లు మూడొందల మందికి వండిన మనిషి, ఇంట్లో ఇప్పటికీ వంట ఆయనదే, ఇప్పుడాయనకి ఎటు చూసినా నడిమధ్యలో నల్లటి మచ్చ, చుట్టూ మసక, ఇక తగ్గదని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

పోయిన ఆదివారం మావయ్య చేపముక్కలనుకుని కోడిమాంసం పొట్లం కరగబెట్టారు, ఫ్రిజ్ పైభాగంలో ఉన్న ఆ చిన్న ఫ్రీజర్ గూట్లో అన్నీ ఒకదానిమీద ఒకటి కుక్కి ఉంటాయి, కళ్లున్న నాకే దొరికి చావవు, పిల్లలు నవ్వారు, మావయ్యా నవ్వారు, మా ఆయన మాత్రం నవ్వలేదు, నాన్నా ఇంక చాల్లే, పెద్ద ఫ్రీజర్ కొనేసి వండిన కూరల డబ్బాలు బయటినుంచి తెప్పించి నింపేద్దాం, నువ్వు హాయిగా కూర్చో అన్నాడు, ప్రేమతోనే అన్నాడు, మావయ్య సరేరా అన్నారు, ఆ తర్వాత మూడు రోజులు వంటింటి గడప తొక్కలేదు, అడిగితే మోకాలు నొప్పి అన్నారు, ఆ మోకాలికి ఏ రోగమూ లేదని నాకు తెలుసు.

మావయ్యా, మీరే ఓసారి చూడండి అన్నాను ఇప్పుడు షాపులో, ఆయన మూత ఎత్తి వంగారు, చెయ్యి అడుగుదాకా అందలేదు, మడమలు నేలమీంచి లేచాయి, నేను చటుక్కున బెల్టు పట్టుకున్నాను, బావిలో పడ్డ చెంబు కోసం దేవుతున్నట్టుంది అమ్మాయ్ అన్నారు, షాపతను ఫక్కున నవ్వేశాడు, నిలువుదాని ముందుకి తీసుకెళ్లాను, ఆయన వేళ్లు పైనుంచి కిందికి దిగాయి, ఒకటి, రెండు, మూడు, ఒక్కో పిడి తడిమి, కూరగాయలకి, చేపలకి, కోడికి అని లెక్క చెప్పుకుని, బాబూ ఈ సొరుగు పూర్తిగా ఊడి బయటికొస్తుందా, బల్లమీద పెట్టుకోవచ్చా అనడిగారు, వస్తుందండీ అన్నాడతను, కరెంటు పోతేనో అని మా ఆయన, తలుపు తియ్యకుండా ఉంటే సరిరా, ఖాళీల్లో నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెడితే చల్లదనం నిలుస్తుంది, క్యాంటీన్‌లో మేం చేసిందదే, గొంతులో ఎన్నాళ్లకో ఆ పెద్దవంటవాడి దర్పం, సరే నాన్నా, మరి వండిన డబ్బాలు ఎక్కడ పెడదాం అన్నాడు మా ఆయన, ఎవరు వండినవిరా, నేను వండినవైతే నాలుగో సొరుగులో, బయటివైతే మీ గదిలో పెట్టుకో.

మా ఆయన తనే వంగి వాళ్ల నాన్న చేతిని నాలుగో పిడి మీద పెట్టాడు, ఇదే కదా అన్నాడు, నేను షాపతనితో ఇదే ఇచ్చెయ్యండి అన్నాను, ఫ్రీజర్ విషయంలో నా లెక్క తప్పలేదు, తప్పింది ఇంకోచోట, మావయ్యని మేం చూసుకోవాలనుకుంటూ వచ్చాను, ఇన్నేళ్లుగా మా అందర్నీ చూసుకుంటున్నది ఆయన, రేపు కూడా ఆయనే.