పెట్టిన చెయ్యి

హరికిషన్‌కు మంచి రిపోర్టు అంటే భయం. లోకంలో ఎవరైనా నార్మల్ అన్న మాట వింటే దేవుడికి దండం పెట్టుకుంటారు. ఈయన మాత్రం ఆ మాట వినగానే దవాఖాన మెట్ల మీదే కూలబడతాడు. స్కాన్ నార్మల్. రక్తం నార్మల్. నోట్లోంచి గొట్టం వేసి చూసినా నార్మల్, కిందినుంచి వేసి చూసినా నార్మల్. మరి నొప్పి సంగతేమిటంటే, అది బొడ్డుకు కుడిపక్కన, కిరాయికి దిగి ఇల్లు సొంతం చేసుకున్న మనిషిలా కూర్చుంది. ఖాళీ చేయమంటే వినదు.

సిద్దిపేటలో ఆయనది స్టీలు సామాన్ల దుకాణం. అన్న చంద్రశేఖర్ పెట్టింది. అన్న గుండెపోటుతో పోయాక తమ్ముడి చేతికొచ్చింది. పెళ్లిళ్ల కాలంలో పొద్దంతా బిందెల మీద, గంగాళాల మీద పేర్లు కొట్టడమే పని. చిన్న మిషను చేత్తో పట్టుకుని గుర్రుమంటూ అక్షరాలు చెక్కుతాడు. ఊళ్లో సగం వంటిళ్లలో ఆయన కొట్టిన పేర్లే ఉన్నాయి. తన నొప్పికి మాత్రం ఒక్క పేరు దొరకలేదు. అది వచ్చినప్పుడు బిందెల వరుస వెనక్కి పోయి, మోకాళ్లు కడుపుకు అదుముకుని కూర్చుంటాడు. గిరాకీ వస్తే చెమట తుడుచుకుని లేస్తాడు.

కడుపునొప్పి అన్నవాడికి ఊరంతా వైద్యులే. ఒకరు గ్యాస్ అన్నారు. ఒకరు పచ్చి వెల్లుల్లి మింగమన్నారు. హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరు రిపోర్టులన్నీ తిరగేసి, కళ్లజోడు తీసి, "ఇంట్లో ఏమైనా టెన్షన్లు ఉన్నాయా?" అని మెత్తగా అడిగాడు. ఆ అడగడంలోనే అర్థమైపోయింది, ఆయన నమ్మలేదని. ఇచ్చిన మాత్రలు మింగితే హరికిషన్ గల్లా పెట్టె మీదే నిద్రపోయేవాడు. నొప్పి మాత్రం మేలుకునే ఉండేది.

రోజూ చచ్చేవాడికి ఏడ్చేదెవరు? మొదట్లో రాత్రింబవళ్లు పక్కనే కూర్చున్న భార్య రజిని కూడా, "మల్ల మొదలైందా?" అని అడిగి వంటింట్లోకి పోవడం నేర్చుకుంది. ఆమెను తప్పుపట్టలేం. తల్లి కౌసల్యమ్మ మొక్కని దేవుడు లేడు. ఎన్ని చేసినా ఆమె కళ్లలో ఒక అనుమానం తిరుగుతూనే ఉండేది, కొడుకు నిజంగా బాధపడుతున్నాడా, లేక పని తప్పించుకుంటున్నాడా అని. ఆ చూపు పడినప్పుడు హరికిషన్‌కు చచ్చిపోవాలనిపించేది. పేగులు చీల్చి చూపించే వీలుంటే చూపించేవాడు.

ఒక్క మనిషి మాత్రం ఎన్నడూ ఏమీ అడగలేదు. వదిన బాలలక్ష్మి, అన్న చంద్రశేఖర్ భార్య. ఆమె కోడలిగా వచ్చేనాటికి హరికిషన్ అయిదో తరగతి. నిక్కరు జారిపోతుంటే మొలతాడు బిగించి బడికి పంపిన మనిషి. భర్త పోయాక పిల్లాజెల్లా లేక, అదే ఇంట్లో వెనక గదిలో ఉంటోంది. హరికిషన్ మొహం చూస్తే చాలు, ఆమెకు తెలిసిపోయేది. తైద పిండితో, అదే రాగి పిండితో, అంబలి కాచి, చల్ల కలిపి, తన స్టీలు గ్లాసులో తెచ్చేది. ఆ గ్లాసు మీద "బాలలక్ష్మి" అని వంకర అక్షరాలుండేవి. చిన్నప్పుడు అన్న మిషను చేతికిస్తే, హరికిషన్ కొట్టిన మొట్టమొదటి పేరు అది. అన్నం వెనక్కి తన్నినా, రొట్టె వెనక్కి తన్నినా, ఆ అంబలి మాత్రం కడుపులో నిలిచేది. ఇన్నేళ్లు ఆయన బతికి ఉన్నాడంటే ఆ గ్లాసు పుణ్యమే.

ఇక శైలేందర్ సంగతి. పక్కన రంగుల దుకాణం ఆయనది. చెడ్డవాడు కాదు. మంచివాళ్లు చేసినంత చెరుపు చెడ్డవాళ్లు చేయలేరు, అంతే.

"అన్నా, నాకు గిట్లనే ఉండె," అన్నాడు ఒకనాడు, బిందెల వెనక ముడుచుకున్న హరికిషన్ పక్కన గొంతుకూర్చుని. "డాక్టర్లకు దొరకది గిది. ఎవలో తిండిల మందు పెట్టిన్రు నీకు. కొండపాక అవతల ఒక ముసలాయన కక్కిస్తడు. నా కండ్లతోని చూసిన, గడ్డ బయటపడ్డది."

పెట్టుడుమందు మాట హరికిషన్ చిన్నప్పటి నుంచీ విన్నదే. గిట్టనివాళ్లు అన్నంలోనో చారులోనో ఏదో కలిపి పెడతారనీ, అది పేగులకు గడ్డలా అంటుకుని మనిషిని లోపల్నించి తింటుందనీ ఊళ్లో నమ్ముతారు. డిగ్రీ చదివినవాడు, ఇంతకుముందు నవ్వేవాడు. ఈసారి నవ్వు రాలేదు. ఎందుకంటే, ఇన్నేళ్లలో "నీ లోపల ఏదో ఉంది" అన్న మొదటి మనిషి శైలేందరే.

పొద్దున్నే పరగడుపున పోయారు. ముసలాయన ఏదో ఆకు పసరు తాగించాడు. చేను గట్టు మీద హరికిషన్ కళ్లు బైర్లు కమ్మేదాకా కక్కాడు. ముసలాయన పుల్లతో మట్టిలో కెలికి, నల్లటి ముద్ద ఒకటి పక్కకు జరిపాడు.

"గిదిగో. ఏండ్లయింది లోపల పడి."

హరికిషన్ ఆ ముద్దను చూశాడు. అది ఆకు పిప్పో, పసరుతోపాటు మింగిన మరేదో, ఆయనకేం తెలుసు? ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చిన ఏడుపు అది. తాను అబద్ధం ఆడలేదు, పిచ్చివాడు కాదు. చూడండి, కళ్లముందే ఉంది.

"ఎవలు పెట్టిన్రు?" అని శైలేందర్ అడిగాడు.

"పేరు నేను చెప్ప. ఇంటి మనిషే. ప్రేమతోని పెట్టే చెయ్యే. ఇగ ఆ చేతి నీళ్లు గూడ ముట్టొద్దు, ముడితె మల్ల మొదటికొస్తది," అన్నాడు ముసలాయన.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేది. కౌసల్యమ్మ చూపు మెల్లగా వెనక గది వైపు పోయింది. రజిని తల దించుకుంది. మొగుడు పోయిన మనిషి, పిల్లలు లేని మనిషి, మొగుడి దుకాణం మరిది చేతిలో ఉన్న మనిషి. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? దానికి రుజువు అక్కర్లేదు, ఒక మనిషి కావాలి.

సాయంత్రం బాలలక్ష్మి అలవాటుగా గ్లాసు పట్టుకుని వచ్చింది. కౌసల్యమ్మ గడపలోనే అడ్డం నిలబడింది.

"ఇగ నువ్వేం తేకు బాలలక్ష్మీ. వాని కడుపు సంగతి మేం చూసుకుంటం."

"ఏమైంది అత్తమ్మా?"

"కొండపాక పోయి కక్కించుకొచ్చిండు. లోపలిది బయటపడ్డది. ఎవలు పెట్టిన్రో పెట్టినోళ్లకు ఎరుకే."

బాలలక్ష్మి అత్తను చూడలేదు. మంచం మీద కూర్చున్న మరిదినే చూసింది.

"కిషన్, నువ్వు చెప్పు. నేను పెట్టిన్నా?"

ఒక్క మాట అంటే సరిపోయేది. లేదు వదినా అంటే చాలు. కానీ ఆ మాట అంటే ముసలాయన చెప్పింది అబద్ధమవుతుంది, ఆ నల్లటి ముద్ద అబద్ధమవుతుంది, మళ్లీ నార్మల్ మిగులుతుంది. హరికిషన్ తల ఎత్తలేదు.

"అంబలి వద్దు వదినా," అన్నాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే అదే. ఆమె గ్లాసు తీసుకుని పోయి, అంబలిని మోరీలో పారబోసి, గ్లాసు కడుక్కుంది. రెండు రోజులకు వెనక గదికి తాళం వేసి ఉంది. ప్రజ్ఞాపూర్‌లో చిన్నమ్మ బిడ్డ ఇంట్లో ఉంటోందని, రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్ముతోందని ఎవరో చెప్పారు.

కొన్నాళ్లు నొప్పి నిజంగానే రాలేదు. హరికిషన్ పప్పన్నం తిన్నాడు. కొడుకు రెండు ముద్దలు ఎక్కువ తిన్న రోజున కౌసల్యమ్మ వీధి వీధికీ చెప్పుకుంది. రజిని చాలా కాలానికి నవ్వింది.

తర్వాత ఒక పొద్దున, గంగాళం మీద పేరు కొడుతుండగా, అదే జాగాలో, అదే నొప్పి. చేతిలో మిషను జారి అక్షరం అడ్డంగా గీసుకుపోయింది.

ఈసారి ఎవరికీ చెప్పలేదు. చెబితే వదిన తప్పు లేదని ఒప్పుకోవాలి. నమ్మండి నమ్మండి అని ఏళ్లతరబడి అందరి కాళ్లావేళ్లా పడ్డవాడు, ఇప్పుడు బాత్‌రూమ్‌లో నల్లా తిప్పి, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. బయటికొచ్చి, "మంచిగున్నది" అన్నాడు. ఆ మాట అనగానే తల్లి మొహం వెలిగేది. అంత నరకం ఆయన అంతకుముందు ఎరగడు.

సరుకు కోసమని ఇంట్లో చెప్పి, ఒంటరిగా హైదరాబాదు పోయి కొత్త డాక్టరుకు చూపించుకున్నాడు. మళ్లీ స్కాన్. "ఏం లేదండీ, అంతా నార్మల్," అన్నాడాయన.

తిరుగు బస్సులో గజ్వేల్ ఇంకా రాకముందే పేగుల్ని ఎవరో మెలిపెట్టినట్టయింది. బస్సు ప్రజ్ఞాపూర్‌లో ఆగితే దిగిపోయాడు. దిగాలని అనుకున్నాడో, కాళ్లే దించాయో ఆయనకే తెలియదు. హోటళ్ల వరస చివర, రేకుల పందిరి కింద, పొయ్యి ముందు వదిన కూర్చుని రొట్టె తడుతోంది. బక్కచిక్కింది. హరికిషన్ గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె తల ఎత్తి చూసింది.

"మల్ల వచ్చిందా?" అంది.

ఎందుకొచ్చినవని అడగలేదు. నొప్పి వచ్చిందా అని అడిగింది. అవునన్నట్టు తలూపాడు. ఇన్ని నెలల్లో ఆ సంగతి తెలిసిన మొదటి ఇంటి మనిషి ఆమే.

"వదినా, నేను..."

"కూసో."

బల్ల మీద కూర్చున్నాడు. ఆమె లోపలికి పోయి, తన మధ్యాహ్నం కోసం ఉంచుకున్న అంబలిలో చల్ల కలిపి, గ్లాసులో పోసుకొచ్చింది. అదే గ్లాసు. హరికిషన్ చెయ్యి చాచాడు.

ఆమె ఇవ్వలేదు. ఆయన ఎదురుగా నిలబడి, గ్లాసు తన నోటికి ఎత్తుకుని సగం తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. కాసేపు అట్లాగే నిలబడింది, ఆయన కళ్లలోకి చూస్తూ. ఎంగిలి పెట్టకూడదని, ఆయన పిల్లవాడుగా ఉన్నప్పుడు పండు కూడా కొరికి ఇవ్వని మనిషి. అప్పుడు మిగిలిన సగం ఆయన చేతిలో పెట్టింది.

"ఏం లేదు అండ్ల. తాగు."

"గట్ల చెయ్యకు వదినా, నీ కాల్మొక్త."

"చెయ్యకుంటె ఎట్ల? రేపు మల్ల నొస్తె అత్తమ్మ అడుగుతది గద, ఎవలింట్ల తాగినవని. నేను గూడ తాగిన్నని చెప్పు."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండును, దాన్ని పట్టుకుని ఏడ్చేవాడు. ఏం లేదన్న మాట ఎంతమంది డాక్టర్లు చెప్పినా ఆయన నమ్మలేదు. ఈ ఒక్కసారి నమ్మాడు, కానీ ఇప్పుడు ఆ నమ్మకం ఎవరికీ అక్కర్లేదు. కన్నీళ్లు గ్లాసులో పడుతుండగా తాగాడు. అంబలి కడుపులో నిలిచింది. నొప్పి కూడా నిలిచింది.

బాలలక్ష్మి పోయి పొయ్యి ముందు కూర్చుంది. పక్క బల్ల మీద ఎవరో లారీ డ్రైవరు, ఫోను చూసుకుంటూ, ఆమె వేసిన రొట్టె తుంచుకుని నోట్లో పెట్టుకున్నాడు. రొట్టె చేసింది ఎవరని తల ఎత్తి కూడా చూడలేదు.