బోర్డు మీద ఫోటో

మూడు వందల మంది చూస్తుండగా మేనేజరు మా బావ మెడలో కార్డు లాగేశాడు. రెండో చేతిలో మూడు ఉక్కు పిన్నులు. బస్సు బ్రేకుల్లో పడే పిన్నులు.

"వెంట్రుకంత లావెక్కువ. కొలతకి నిలవని సరుకు చేసినవాడికి ఇక్కడ చోటు లేదు. పట్టిచ్చినవాడికి బోర్డు మీద చోటు."

పట్టిచ్చింది నేను.

బావ అంటే మా అక్క మొగుడు. ఇద్దరం ఒకే రోజు ఇనుము చెక్కే లేతు పనిలో చేరాం. మంచి పనివాడి ఫోటో పెట్టే నాణ్యత బోర్డు మీద ఏడు నెలలుగా అతని ఫోటోయే. "మీ బావ చెయ్యి పడితే ఇనుమైనా మాట వింటుందిరా" అని అక్క నా ఎదుటే అనేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కడుపు మండేది. చివరికి అతని అన్నం డబ్బా నా డబ్బా కన్నా తళతళలాడినా ఓర్వలేకపోయాను. తోటివాడి తప్పు పట్టిస్తే ఫోటో వేస్తామని మేనేజరు చెప్పిన మర్నాడే బావ ట్రేలోంచి ఆ మూడూ ఏరాను.

నా ఫోటో ఎక్కింది. రెండు రోజులు అటే చూస్తూ నడిచాను. మూడో రోజు నా లేతు మీదా పిన్ను లావుగానే దిగింది. ఆపి చూస్తే కోసే టూలు మొద్దుబారిపోయింది. టూళ్ళు మార్చమని బావ నెల నుంచీ అడుగుతూనే వచ్చాడు. ఇంకో వారం లాగమని మేనేజరు. ఆ సంగతి నాకు ముందే తెలుసు.

భోజనాల గదిలో లేచి అందరికీ ఉన్నదంతా చెప్పేశాను.

"ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయట. మీ బావకి మిగిలాయా మీసాలు?" అన్నాడు వెల్డరు.

ప్యాకింగులో పనిచేసే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "వీణ్ణొక్కణ్ణీ తిడితే ఏమొస్తుంది? ఆ బోర్డు చూసి కుళ్ళుకోనివాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"మనం ఒకళ్ళనొకళ్ళం కాపలా కాస్తుంటే మొద్దు టూలుని చూసేదెవరు? ఆ బస్సులెక్కేది మన పిల్లలు. మంచి సరుకు ముందు మనకి కావాలి. లావు పిన్ను దిగితే లేతు ఆపేద్దాం."

"పని ఆపితే అందర్నీ గెంటుతారు పెద్దమ్మా" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"గెంటేస్తే పిన్నులెవడు చేస్తాడ్రా? మేనేజరు బామ్మర్దా?"

మర్నాడు లావు పిన్ను దిగిన ప్రతి లేతూ ఆగింది. చెడ్డవన్నీ ఒకే గంపలో పోసి ఆఫీసు గది ముందు పెట్టాం. టూళ్ళు మార్చాలి, బావని తిరిగి పిలవాలి. అంతదాకా ఒక్క పిన్నూ గేటు దాటదు.

మేనేజరు గంపని తన్నాడు. "ఇవి ఎవరు చేశారు?"

మొదటి మాట నాదే కావాలని పొద్దుటి నుంచీ కాచుకుని ఉన్నాను. నోరు తెరిచేలోగా "నేనే" అంది పెద్దమ్మ. ఆమె పుట్టి బుద్ధెరిగి లేతు ముట్టలేదు.

నాకు మళ్ళీ కడుపు మండింది. "నేను" అన్నాను. "నేను" అన్నాడు వెల్డరు. ఆ మాట షెడ్డంతా పాకింది.

మేనేజరు పేర్లు రాసుకోవడానికి కాగితం తీశాడు. ముందు తన పేరే రాయాలంటూ వెల్డరు నన్ను భుజంతో నెట్టుకుని ముందుకొచ్చాడు.