పంతొమ్మిది డిటో గుర్తులు

మార్చి ఆరో తేదీ, గురువారం, ఉదయం పదకొండు గంటలు. నీటివనరుల కార్యాలయం రెండో అంతస్తులోని విచారణ గది. హాజరైనవారు: విచారణాధికారిణి, ప్రభుత్వం తరఫు వకీలు, రంగుల కర్మాగారం తరఫు వకీలు, సాక్షిగా నీటి కొలతల గుమాస్తా. వెనక బల్ల మీద ఆ గుమాస్తా బావమరిది, వృత్తిరీత్యా జాలరి. హాజరు కానిది నది ఒక్కటే. వ్యాజ్యం మాత్రం దానిదే.

క్రిందటి ఏడాది ఏప్రిల్ పన్నెండున కర్మాగారం వ్యర్థపు గొట్టం పగిలి, అందులోని మురుగు నదిలో కలిసిందన్నది ప్రభుత్వం అభియోగం. నది ఎవరి సొంత ఆస్తీ కాదు గనుక దాని తరఫున ఏ ఒక్కరూ పరిహారం అడగలేరు. ప్రజలందరి పేరిట దానికి ధర్మకర్తగా ఉన్న ప్రభుత్వమే అడగాలి. వచ్చిన పైకం ఎవరి జేబులోకీ పోకూడదు, నదిని మళ్ళీ నదిగా చేయడానికే ఖర్చు కావాలి. చట్టం ఇంతవరకూ ఉదారంగానే ఉంది. అయితే అది ఒక చిన్న ప్రశ్న కూడా అడుగుతుంది: నష్టానికి ముందు ఈ నది ఎలా ఉండేదో చూపండి.

చూపగలిగినది ఆ గదిలో ఒక్కటే ఉంది. నీలం అట్ట రిజిస్టరు.

"ఈ దస్తూరీ మీదేనా?" అని అడిగాడు కర్మాగారం వకీలు.

"నాదేనండి."

"ఎన్నేళ్ళుగా రాస్తున్నారు?"

"ఇరవై రెండేళ్ళు."

"ఏప్రిల్ పన్నెండు. 'నీటి స్థితి' అన్న గడిలో ఏముంది?"

గుమాస్తా కళ్ళజోడు సర్దుకున్నాడు. "డిటో అండి."

"పదమూడున?"

"డిటో."

"ఆ నెలాఖరు దాకా?"

"డిటోలే అండి."

"డిటో అంటే ఏమిటో కాస్త చెబుతారా? నేను లెక్కల్లో మందమతిని."

"పైన రాసినట్టే అని."

"పైన ఏం రాశారు?"

గుమాస్తా నెమ్మదిగా చదివాడు. "ఏప్రిల్ ఒకటి. నీరు తేట. తెల్ల పళ్ళెం తొమ్మిదడుగుల లోతు వరకూ కనబడింది. వాసన లేదు. రెల్లు దుబ్బుల దగ్గర చేపలు గుమిగూడుతున్నాయి."

"చాలండి," అని వకీలు అధికారిణి వైపు తిరిగాడు. "మా గొట్టం మూడో రోజుకే బాగుచేశాం. నదిలో ఏ మార్పూ రాలేదని ప్రభుత్వ ఉద్యోగే నెలాఖరు దాకా రాశాడు. ఈ పంతొమ్మిది గుర్తులూ నిజమైతే మా వల్ల నష్టం లేదు. అబద్ధమైతే, ఇదే చేయి రాసిన ఇరవై రెండేళ్ళ చరిత్రను మాత్రం ఎలా నమ్మమంటారు?"

అధికారిణి భోజన విరామం ప్రకటించింది.

మెట్ల మలుపులో మంచినీళ్ళ కూజా దగ్గర బావమరిది కాచుకుని ఉన్నాడు.

"ఏం బావా, ఆ పంతొమ్మిది రోజులూ నువ్వు చూసింది ఏ నది? మేం వల వేసేది మాత్రం కాదు."

"నువ్వు మాట్లాడకు. వలలు పాడయ్యాయి, పని పోయింది అని కర్మాగారం వాళ్ళు చెక్కు ఇస్తే, కాగితం చదవకుండా సంతకం గీకింది ఎవరు? 'నాకు వేరే ఫిర్యాదు లేదు' అని ఉంది అందులో. ఇప్పుడు నీ సాక్ష్యం ఎవడికి కావాలి?"

"నేను చదవకుండా పెట్టాను, నువ్వు చూడకుండా పెట్టావు. మనిద్దరికీ తిండి ఎందుకు పెడుతోందో మా అక్కనే అడగాలి."

గుమాస్తాకు నవ్వు రాలేదు. గ్లాసులో నీళ్ళు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు.

"చూడకుండా కాదురా," అన్నాడు చివరికి. "చూడకముందే పెట్టాను."

అతని పద్ధతి అది. నెల మొదటి రోజున మెడలో తువ్వాలు వేసుకుని నాటు పడవలో నడినదికి పోయేవాడు. తెల్ల పళ్ళేన్ని తాడు కట్టి దింపి, అది కనుమరుగైన లోతు కొలిచి, నీళ్ళు దోసిట పట్టి వాసన చూసి, ఒక నిండు వాక్యం రాసేవాడు. ఆ వాక్యంలో ఒక్క అక్షరం కల్ల ఉండేది కాదు. ఆ తరువాత, కలం చేతిలో ఉన్నప్పుడే, తక్కిన నెలంతటికీ డిటోలు గీసేసేవాడు. పై ఉద్యోగి తనకు నేర్పినదీ అదే, ఆయనకు అంతకు ముందాయన నేర్పినదీ అదే. రోజూ ఉదయం ఇనుప స్తంభం మీద నీటి మట్టం చూసి అంకె వేయడంతో పని అయిపోయేది. వరద వస్తే కొట్టివేసి రాసేవాడు. రాకపోతే నది అతని గుర్తులను అనుసరించి పారేది. ఇరవై రెండేళ్ళు అది అతని మాట జవదాటలేదు.

"వాసన కూడా తగల్లేదా?" అన్నాడు బావమరిది.

"పదహారో తేదీన తగిలింది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మట్టం చూసి వచ్చాను. గడి దిద్దాలంటే ఎర్ర సిరాతో కొట్టి, ఇంజనీరుగారి పొడి సంతకం తీసుకుని, మూడు ప్రతుల్లో సంజాయిషీ రాయాలి. ఆయన సెలవులో ఉన్నారు. ఒకటో తేదీ వస్తుంది కదా, అప్పుడు నిండుగా రాద్దాం అనుకున్నాను."

"ఇదే మాట లోపల చెప్పు."

"చెబితే నా ఉద్యోగం? ఇంకా మూడేళ్ళుంది."

"చెప్పకపోతే రెల్లు దుబ్బులు?" బావమరిది గొంతు తగ్గించాడు. "నాకిచ్చింది నా వలలకి బావా. నది సొమ్ము నేనడగను, అడిగినా నాకు రాదు. చేప ఆ దుబ్బుల్లో గుడ్లు పెట్టేది ఏడాది మొత్తానికి ఆ రెండు వారాలే. అక్కడి మట్టి తోడించి, మళ్ళీ రెల్లు నాటించి, చేపపిల్లల్ని వదిలించకపోతే, రేపు నా కొడుకు వల వేసి నీళ్ళు వడకట్టుకోవాలి."

విరామం ముగిసింది. గుమాస్తా తనంతట తానే లేచి, ఎవరూ అడగకముందే అంతా చెప్పాడు. గుర్తులు ఎప్పుడు గీశాడో, ఎందుకు దిద్దలేదో, పదహారున ముక్కుకు ఏం అడ్డం పెట్టుకున్నాడో కూడా చెప్పాడు. కర్మాగారం వకీలు చిరునవ్వుతో కలం మూత బిగించాడు. ప్రభుత్వ వకీలు మాత్రం లేచి, గుర్తులను పక్కన పెట్టి ఒకటో తేదీల వాక్యాలను మాత్రమే చదివించమని కోరాడు.

సాయంత్రం దాకా చదివాడు. రెండువందల యాభైకి పైగా వాక్యాలు. ఎనిమిదిన్నర అడుగులు, తొమ్మిది అడుగులు, వరద నెలల్లో నాలుగు, మళ్ళీ తొమ్మిది. చివరకు క్రిందటి మే ఒకటి: "పళ్ళెం అడుగున్నర లోతులోనే మాయమైంది. నీరు ఎర్రమట్టి రంగు. కిరసనాయిలు వంటి వాసన. ఒడ్డున చచ్చిన చేపలు, లెక్కపెట్టలేదు." కర్మాగారం వకీలు కలం మూత మళ్ళీ విప్పాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య అంతా విని, గిన్నెలు సర్దుతూ అంది: "కూరలో ఉప్పు సరిపోయిందా అంటే, నోట్లో పెట్టుకోకముందే 'నిన్నటిలాగే ఉంది' అంటారు. ఎప్పుడో ఒకనాడు మీ నాలుక మిమ్మల్ని ఇలా పట్టిస్తుందనుకున్నాను." చివరి గిన్నె బోర్లించి, "చెప్పి మంచిపనే చేశారు," అని కూడా అంది.

మార్చి ముప్పై ఒకటిన ఉత్తర్వు వెలువడింది. మే ఒకటి నుంచి జరిగిన నష్టానికి కర్మాగారానిదే బాధ్యత. నడినదిలో పేరుకున్న విషపు మట్టిని తోడించే ఖర్చూ, నీరు పూర్వపు తేటదనానికి వచ్చేదాకా పరీక్షల ఖర్చూ అది భరించాలి. ఏప్రిల్ పన్నెండు నుంచి ముప్పై దాకా జరిగినదానికి మాత్రం ఆధారం లేదు. డిటోలు చెల్లవు, రిజిస్టరులో రాయని వాసన గురించి గుమాస్తా నోటిమాట చాలదు, కాగితాల మీద సంతకాలు పెట్టిన జాలరుల మాటా చెల్లదు. ఆ రోజుల్లోనే గుడ్లు మాడిన రెల్లు దుబ్బులకు పరిహారం లేదు.

"అంటే నడినది బాగుపడుతుంది. చేప పుట్టే చోటు మాత్రం అలాగే ఉంటుంది," అన్నాడు బావమరిది వెనక బల్ల నుంచి. గట్టిగానే అన్నాడు. ఎవరూ వారించలేదు.

అధికారిణి కాగితాలు మూసి, ఉత్తర్వులో లేని మాటలు కొన్ని చెప్పింది.

"ఆ పంతొమ్మిది రోజుల్లో నదికి ఏమైందో ఈ గదిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన తీర్పు రాయలేను, రుజువైనదే రాయగలను. ఒకరి ఇల్లు కాలితే ఆ ఇంటాయన తన ఇంట్లో ఏమేమి ఉండేవో వరసపెట్టి చెబుతాడు. నదికి అలా చెప్పుకునే నోరు లేదు. అందుకే చూసి రాయడానికి ఒక మనిషిని పెట్టుకున్నాం. తప్పు ఆ మనిషి ఒక్కడిదే అని ఇళ్ళకు వెళ్ళిపోకండి. ఆ రిజిస్టరును ఏటా తనిఖీ చేశామని సంతకం పెట్టిన అధికారులు పదకొండుమంది. ఒక్కరూ ఆ గడి మీద వేలు పెట్టి, ఈ రోజు నది చూశావా అని అడగలేదు. అందరి సొత్తు అంటే అందరూ కాపాడుతున్నదని మనం అనుకుంటాం. నిజానికి రోజూ ఒకరు కళ్ళతో చూడకపోతే అది ఎవరిదీ కాదు. అలా వదిలేసినదానికి నష్టం జరిగితే ఏ చట్టమూ పూర్తి పరిహారం ఇప్పించజాలదు."

గుమాస్తాకు రెండు కాగితాలు అందాయి. ఒకటి ఉత్తర్వు ప్రతి. రెండోది, ఒక ఇంక్రిమెంటు నిలిపివేస్తూ శాఖ ఇచ్చిన మెమో. ఉద్యోగం మిగిలింది.

బావమరిది మెట్ల దాకా అతని పక్కనే నడిచాడు. "రేపు ఒకటో తేదీ కదా. పడవ నేను తోస్తాలే," అన్నాడు.

"ఎల్లుండి కూడా తోయాలి. ఆ మర్నాడు కూడా."

"జీతం ఇస్తావా?"

"ఇంక్రిమెంటు పోయిన వాణ్ణి పట్టుకుని అడుగుతున్నావా?"

గుమాస్తా తన గదికి వెళ్ళి, కొత్త నెలకు రిజిస్టరులో గీతలు గీశాడు. ముప్పై గడులు. కలం చేతిలోనే ఉంది. చేయి అలవాటుగా రెండో గడి మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. ఆ గడిని ఖాళీగానే వదిలేశాడు. తరువాత మెమో అందినట్టు అడుగున సంతకం చేసి, తేదీ వేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, క్రిందటి ఏప్రిల్ పేజీలో ఉంచి రిజిస్టరు మూసి బీరువాలో పెట్టాడు.